ఒంటిలోని నీరు – దానికి ఉప్పు తోడు



ఎండలు ముదిరిన నెలల్లోను, తొలకరి వానలకు మంచినీళ్ళలో మురికి కలిసే రోజుల్లోను మన పల్లెల్లో తప్పకుండా వినబడే మాట ఒకటున్నది. పిల్లవాడికి విరేచనాలు పట్టుకుంటాయి. తల్లి గ్లాసుతో నీళ్ళు తెస్తుంది. ఇంట్లో పెద్దావిడ ఆపుతుంది. "ఒసే, నీళ్ళు పట్టకే, పట్టినకొద్దీ పారతాయి. కడుపు ఎండబెట్టు, అదే కడుతుంది" అంటుంది. ఆ మాట చెప్పేది పగవారు కాదు, ఆ బిడ్డను కంటికి రెప్పవలె చూచుకొనే మామ్మే. ప్రేమతోనే చెబుతుంది. వినడానికి సబబుగా కూడా ఉంటుంది. చిల్లు పడిన కుండలో నీళ్ళు పోస్తూ ఉంటే కారుతూనే ఉంటాయి కదా, పోయడం మానితే ఆగుతాయి కదా అని ఆమె లెక్క.

కాని ఒళ్ళు కుండ వంటిది కాదు. విరేచనాలలో బిడ్డ ప్రాణము తీసేది చాలా సార్లు ఆ రోగక్రిమి కాదు, ఒంటిలోని నీరు, ఉప్పు వెళ్ళిపోవడము. పోయినదానిని పోయినట్లే తిరిగి పోస్తూ ఉంటే ఆ క్రిమితో ఒళ్ళే పోరాడి నాలుగైదు రోజుల్లో దానిని వెళ్ళగొడుతుంది. పోయకుండా ఆపితే ఆ నాలుగు రోజుల గడువు బిడ్డకు దొరకదు.

మన సంఘములలో ఎ.ఎన్.ఎం., జి.ఎన్.ఎం. చదువుతున్న ఆడపిల్లలు చాలామంది ఉన్నారు. వారి మొదటి సంవత్సరపు పుస్తకములోనే శరీరములోని ద్రవముల సమతూకము అని ఒక పాఠము ఉంటుంది. పేరు చూచి భయపడి, అంకెలు బట్టీపట్టి, పరీక్ష అయిన మరునాడు మరచిపోయే పాఠమది. అయితే ఆ పాఠము ఎరిగిన పిల్ల ఇంట్లో ఉంటే పైన చెప్పిన మామ్మకు జవాబు చెప్పగలదు. కాబట్టి ఈ నెల ఆ పాఠమునే మన మాటల్లో చూద్దాము. చదువుకొనే బిడ్డలు అంకెలను గుర్తు పెట్టుకోండి, మిగిలినవారు సంగతిని పట్టుకొంటే చాలును.

మొదట ఒంటిలో నీరు ఎంత ఉన్నదో చూద్దాము. ఎదిగిన మగవాని బరువులో నూటికి 60 వంతులు నీరే. ఆడవారిలో క్రొవ్వు కొంచెము ఎక్కువ గనుక నీరు 50 – 55 వంతులు ఉంటుంది. అప్పుడే పుట్టిన బిడ్డలో 75 వంతుల వరకు ఉంటుంది. ముసలితనములో సగానికి దిగుతుంది. 60 కిలోల బరువున్న రైతు ఒంటిలో 36 లీటర్ల నీరు ఉన్నదన్నమాట. రెండు బిందెల నిండుగా నీళ్ళు మోసుకొని తిరుగుతున్నాడు, ఆయనకు ఆ సంగతి తెలియదు.

ఈ 36 లీటర్లు ఒకే చోట ఉండవు. దీనిని అర్థము చేసుకోవడానికి కాలువ క్రింద వరి మడిని తలచుకోండి. కాలువలో పారే నీరు ఉన్నది, మడిలో మట్టిని పట్టిన తడి ఉన్నది, మొక్కలోపలి రసము ఉన్నది. అలాగే మన ఒంటిలో రక్తనాళములలో పారే నీరు సుమారు 3 లీటర్లు. దీనినే ప్లాస్మా అంటారు. కణముల చుట్టూ, కండరాల మధ్య, చర్మము క్రింద తడిగా ఉన్న నీరు 9 లీటర్లు. కణముల లోపల 24 లీటర్లు. అన్నిటికంటె తక్కువ నీరు ఉన్నది కాలువలోనే. అయినా గుండె నుండి మెదడుకు, మూత్రపిండములకు, చేతులకు, కాళ్ళకు ఆహారము, ప్రాణవాయువు మోసేది ఆ కాలువే. గనుక అది ఎండిపోతున్నదని తెలియగానే ఒళ్ళు మడిలోని తడిని కాలువలోకి లాగుకొంటుంది.

దీని గుర్తులు పైకి కనబడతాయి. విరేచనాలైన బిడ్డ కళ్ళు గుంటలు పడతాయి. సంవత్సరము లోపు బిడ్డకు నడినెత్తిన మాడు లోపలికి పోతుంది. కడుపు మీద చర్మమును రెండు వేళ్ళతో పట్టి వదిలితే వెంటనే సర్దుకోక ముడతగా నిలిచి, మెల్లగా దిగుతుంది. చర్మము క్రింది తడి కాలువకు తరలిపోయినందున ఇలా జరుగుతుంది. డాక్టరుగారు బిడ్డను చూడగానే పొట్ట మీద చర్మము గిల్లి చూచేది ఇందుకే. తల్లులు కూడా ఈ పరీక్ష నేర్చుకోవచ్చును.

ఇప్పుడు ఉప్పు సంగతి. కాలువలోను, మడిలోను ఉన్న నీరు ఉప్పునీరు. మనము కూరలో వేసుకొనే ఉప్పులోని సోడియము అక్కడ ఎక్కువ. కణములోపల సోడియము తక్కువ, పొటాషియము ఎక్కువ. ఈ తేడా దానంతట అది నిలవదు. ప్రతి కణము గోడలోను చిన్న తోడుయంత్రము వంటిది ఉండి, రేయింబగళ్ళు సోడియమును బయటకు తోడి, పొటాషియమును లోపలికి లాగుతూ ఉంటుంది. మనము ఏ పనీ చేయక పడుకొని ఉన్నప్పుడు ఖర్చయ్యే శక్తిలో అయిదవ వంతు, ఇంకా ఎక్కువ కూడా, ఈ తోడకానికే పోతుంది. దీనిని 1957లో కనుగొన్న డెన్మార్కు శాస్త్రజ్ఞుడు యెన్స్ స్కౌ గారికి నలభై సంవత్సరముల తరువాత, 1997లో, నోబెల్ బహుమానము వచ్చింది.

ఇంత శ్రమ దేనికంటే, ఉప్పు ఎక్కడ ఎక్కువగా ఉంటే నీరు అక్కడికి నడుస్తుంది. ఈ సూత్రము మన ఆడవారికి పుస్తకము చదవకుండానే తెలుసు. మాగాయకు మామిడి ముక్కలు తరిగి ఉప్పు కలిపి జాడీలో పెడతారు. చుక్క నీరు పోయరు. మూడవ రోజు మూత తీస్తే ముక్కలు మునిగేటంత ఊట ఉంటుంది. ముక్కలోపలి నీటిని బయట ఉన్న ఉప్పు లాగింది. ఒంటిలో నీటిని ఇక్కడి నుంచి అక్కడికి నడిపించేది కూడా ప్రధానముగా ఈ ఊట సూత్రమే. గనుక నీటి లెక్క అంటే ఉప్పు లెక్క కూడాను. ఈ సంగతిని విడువకండి, ముందు దీనితోనే పని పడుతుంది.

రోజువారీ జమాఖర్చు చూస్తే పెద్దవారికి, నీడ పట్టున ఉన్నప్పుడు, రమారమి రెండున్నర లీటర్లు జమ, రెండున్నర లీటర్లు ఖర్చు. త్రాగే నీరు, పాలు, మజ్జిగ కలిపి లీటరున్నర. అన్నము, కూరలలో ఉన్న నీరు ముప్పావు లీటరు. తిన్నది ఒంటిలో కరిగేటప్పుడు తయారయ్యేది గ్లాసుకు కొంచెము ఎక్కువ. ఖర్చులో మూత్రము లీటరున్నర, ఊపిరిలోను చర్మము గుండాను మనకు తెలియకుండా పోయేది ముప్పావు లీటరు పైన, మలములో నూరు, రెండు నూర్ల మిల్లీలీటర్లు.

అయితే ఈ లెక్క పైకి కనబడే లెక్క మాత్రమే. లోపల జరిగే ఇచ్చిపుచ్చుకోలు దీనికి ఎన్నో రెట్లు. మూత్రపిండములు రెండూ కలిసి రోజుకు 180 లీటర్ల నీటిని వడగడతాయి. ఉన్న ప్లాస్మా 3 లీటర్లే గనుక అదే నీరు రోజుకు అరవై సార్లు వాటి గుండా పోయి వస్తున్నదన్నమాట. వడగట్టిన దానిలో కావలసిన నీటిని, ఉప్పును, చక్కెరను తిరిగి లోపలికి తీసుకొని, లీటరున్నరను మాత్రము బయటకు పంపుతాయి. నీరు తక్కువైతే మెదడు అడుగున ఉన్న ఒక చిన్న భాగము ఆ సంగతి కనిపెడుతుంది. రక్తములో ఉప్పు చిక్కదనము నూటికి ఒకటి రెండు వంతులు పెరిగితే చాలు, దానికి తెలిసిపోతుంది. అది ఒక ప్రక్క దాహము పుట్టిస్తుంది, మరొక ప్రక్క మూత్రపిండములకు కబురు పంపి మూత్రమును బిగబట్టిస్తుంది. అప్పుడు మూత్రము తక్కువగా, ముదురు పసుపు రంగులో వస్తుంది. ఎంత బిగబట్టినా రోజుకు అరలీటరైనా పోక తప్పదు, ఒంటిలోని మలినములు కరిగి పోవడానికి అంతమాత్రము కావాలి. ముసలివారిలో ఈ దాహపు కబురు మందగిస్తుంది. "మా నాన్నకు దాహమే వేయదండీ" అని గొప్పగా చెప్పుకొనేవారుంటారు. అది గొప్ప కాదు, జాగ్రత్తపడవలసిన సంగతి. అటువంటి పెద్దలకు అడగకపోయినా వేళకు నీళ్ళు అందించవలెను.

ఇక ప్రేగుల సంగతికి వద్దాము. అసలు కథ ఇక్కడ ఉన్నది.

మనము రోజుకు రెండు లీటర్లు త్రాగితే, చిన్న ప్రేగులోకి దిగేది రెండు లీటర్లే అనుకుంటాము. కాదు. నోటిలో ఊరే ఉమ్మి లీటరుకు పైన, జీర్ణాశయపు రసము రెండు లీటర్లు, కాలేయము నుండి పైత్యరసము, క్లోమము నుండి వచ్చే రసము, ప్రేగు గోడలే ఊరించే రసము అన్నీ కలిపి మరొక ఏడు లీటర్ల వరకు ఒళ్ళే ప్రేగులోకి పోస్తుంది. మొత్తము తొమ్మిది లీటర్లు. పోసిన ఈ నీటినంతటినీ ప్రేగులు తిరిగి పీల్చుకొంటాయి. చివరకు బయటకు వచ్చేది పావు లీటరు కూడా ఉండదు. అనగా మనము ఏమీ త్రాగకపోయినా ప్రేగులోకి లోపలి నుండి నీరు దిగుతూనే ఉంటుంది. విరేచనాలంటే ఈ పీల్చుకొనే పని చెడిపోవడము, లేదా పోసే పని హద్దు మీరడము. మామ్మ లెక్క తప్పేది ఇక్కడే. బిడ్డకు నీళ్ళు మానిపించినా విరేచనాలు ఆగవు, ఎందుకనగా పోతున్నది ఆ గ్లాసులోని నీరు కాదు, బిడ్డ కాలువలోని నీరు, మడిలోని నీరు.

పెద్దవారు కొంతవరకు తట్టుకొంటారు. పది కిలోల బిడ్డ సంగతి వేరు. ఒక లీటరు పోతే బిడ్డ బరువులో పదవ వంతు పోయినట్లే, అది ప్రాణాపాయము. విరేచనాలు, వాంతులు రెండూ ఉంటే ఒక లీటరు పోవడానికి పొద్దున నుండి సాయంత్రము వరకు చాలు. కలరా వంటి జబ్బులో పెద్ద మనిషికి సైతము గంటకు ఒక లీటరు పోవచ్చును. మన తాతల కాలములో ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయినది ఈ విధముగానే.

ఆ రోజుల్లో వైద్యులు చేతులు కట్టుకొని కూర్చోలేదు. 1831, 1832 సంవత్సరములలో ఇంగ్లండులో కలరా వచ్చినప్పుడు ఓషానెస్సీ అనే యువ వైద్యుడు రోగుల రక్తమును పరీక్షించి, దానిలో నీరు, ఉప్పు తగ్గిపోయినవని చెప్పాడు. తరువాత ఆయనే మన దేశానికి వచ్చి టెలిగ్రాఫు తీగలు వేయించాడు, అది వేరే కథ. ఆయన మాట పట్టుకొని 1832లో స్కాట్లండులోని లీత్ పట్టణములో థామస్ లట్టా అనే వైద్యుడు ఉప్పునీటిని నేరుగా రక్తనాళములోకి ఎక్కించాడు. ఈనాడు మనము సెలైను అంటున్న దానికి అదే ఆరంభము. కాని శుభ్రమైన సీసాలు, సూదులు, ఎక్కించేవారు కావాలి. కలరా వచ్చేది అవేమీ లేని చోట. నోటితో ఉప్పునీరు పట్టిస్తే పీల్చుకొనే ప్రేగే చెడిపోయి ఉన్నదాయె, అది నిలవదని చాలాకాలము అనుకున్నారు.

ఇక్కడ ఒక చిన్న సంగతి అంతా మార్చివేసింది. 1960లో రాబర్ట్ క్రేన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు ప్రేగు గోడలోని ఒక ద్వారము గురించి చెప్పాడు. ఆ ద్వారము గుండా చక్కెర జాతికి చెందిన గ్లూకోజు లోపలికి పోవాలంటే సోడియము ప్రక్కన ఉండాలి. ఇద్దరూ కలిసి వస్తేనే తలుపు తెరుచుకొంటుంది. ఆ రెండూ లోపలికి పోతే వాటి వెనుక నీరు పోతుంది, మాగాయ ఊట సూత్రము చొప్పున. కలరా విషము ప్రేగును ఎంత పాడుచేసినా ఈ ఒక్క ద్వారమును మూయలేదు. ఉప్పునీరు ఒక్కటే పట్టితే అంతగా పట్టదు. ఉప్పు, చక్కెర రెండూ తగిన పాళ్ళలో కలిపి పట్టితే, విరేచనాలు అవుతూ ఉండగానే నీరు ఒంటికి పడుతుంది. 1968లో ఢాకాలో కలరా రోగులకు ఈ నీరు త్రాగించి, సెలైను అవసరము చాలావరకు తగ్గుతుందని చూపించారు.

అయినా పెద్ద ఆసుపత్రుల వైద్యులకు నమ్మకము కుదరలేదు. అది కుదిరినది మన దేశములోనే, ఆపద సమయములో. 1971లో తూర్పు పాకిస్తాను నుండి కోటిమంది వరకు కాందిశీకులు మన దేశానికి వచ్చారు. పశ్చిమ బెంగాలు సరిహద్దున ఉన్న బన్‌గావ్ అనే ఊరిలో, శిబిరములలో కలరా వ్యాపించింది. కలకత్తా నుండి వెళ్ళిన దిలీప్ మహలనబీస్ అనే డాక్టరుగారికి అక్కడి ఆసుపత్రిలో పదహారు మంచములు ఉన్నాయి, రోగులు నేల మీద, ఆరుబయట పడి ఉన్నారు. ఉన్న సెలైను సీసాలు అయిపోవచ్చాయి. అప్పుడాయన లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల తినే సోడా చొప్పున పొట్లాలు కట్టించి, డ్రమ్ముల్లో కలిపించి, రోగుల ప్రక్కనున్న తల్లులకు, అన్నదమ్ములకు అప్పగించాడు. పట్టించినది నర్సులు కాదు, ఇంటివారే. అటువంటి శిబిరములలో నూటికి ఇరవై, ముప్ఫయిమంది చనిపోతూ ఉండగా ఆయన చేతి క్రింద ఆ సంఖ్య నూటికి నలుగురి లోపుకు దిగింది. 1978లో లాన్సెట్ అనే వైద్య పత్రిక ఈ ఉప్పు చక్కెరల నీటి విధానమును ఆ శతాబ్దపు అతి ముఖ్యమైన వైద్య ఫలితము కావచ్చునని వ్రాసింది. మహలనబీస్ గారు 2022 అక్టోబరులో కన్నుమూశారు. మరుసటి సంవత్సరము ప్రభుత్వము ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించింది. బ్రతికి ఉండగా ఇచ్చి ఉంటే బాగుండేదని నాకనిపిస్తుంది.

తరువాత బంగ్లాదేశములో బ్రాక్ అనే సంస్థ 1980 నుండి పదేండ్లపాటు ఇంటింటికి మనుష్యులను పంపి, మూడు వేళ్ళ చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లము, అరసేరు నీరు అని కోటికి పైగా ఇళ్ళలో తల్లులకు నేర్పింది. నేర్పినవారికి జీతము ఎలా ఇచ్చారో చూడండి. కొంతకాలము తరువాత వేరొకరు వెళ్ళి ఆ తల్లిని అడుగుతారు. ఆమె ఎంత బాగా గుర్తు పెట్టుకున్నదో దానిని బట్టి నేర్పినవారికి డబ్బు. పాఠము చెప్పేవారందరికీ ఈ పద్ధతి పెడితే ఎలా ఉంటుందో!

మన ఇంట్లో ఇప్పుడు ఏమి చేయాలి? అన్నిటికంటె మంచిది ప్రభుత్వ ఉపకేంద్రములోను, ఆశా కార్యకర్త దగ్గర, అంగన్‌వాడీలో ఉచితముగా దొరికే ఓ.ఆర్.ఎస్. పొట్లము. ఇప్పటి పొట్లములో లీటరు నీటికి రెండున్నర గ్రాములకు కొంచెము ఎక్కువగా ఉప్పు, పదమూడున్నర గ్రాముల గ్లూకోజు, పొటాషియము లవణము, సిట్రేటు ఉంటాయి. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పాత పాళ్ళను కొంచెము తగ్గించి ఇలా మార్చింది, దీనితో వాంతులు, విరేచనాలు కూడా తగ్గుతున్నవని. పొట్లము దొరకని వేళ ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపండి. టీ చెంచాలే, గోపురము లేకుండా చదునుగా కొలవాలి. కలిపిన తరువాత రుచి చూడండి. కన్నీటికంటె ఉప్పగా ఉంటే పారబోసి మరల కలపండి, ఉప్పు ఎక్కువైతే బిడ్డకు కీడు.

రెండేళ్ళ లోపు బిడ్డకు ప్రతి విరేచనము తరువాత పావు గ్లాసు నుండి అర గ్లాసు, అంతకంటె పెద్దపిల్లలకు అర గ్లాసు నుండి గ్లాసు. గటగటా త్రాగనియ్యవద్దు, చెంచాతో పట్టండి. వాంతి చేసుకొంటే పది నిమిషములు ఆగి, రెండు మూడు నిమిషములకు ఒక చెంచా చొప్పున మరల మొదలుపెట్టండి. చాలామంది తల్లులు మొదటి వాంతికే "ఒంటికి పడడము లేదు" అని మానుకొంటారు. వాంతి అయినా కొంత లోపల నిలుస్తుంది. తల్లిపాలు మానిపించవద్దు. ఆరు నెలలు నిండిన బిడ్డకు మెత్తటి అన్నము, పప్పుకట్టు, అరటిపండు పెట్టండి, కడుపు ఎండబెట్టితే ప్రేగు గోడ మానడము ఇంకా ఆలస్యమవుతుంది. దీనితోపాటు జింకు బిళ్ళలు పద్నాలుగు రోజులు వేయాలి. ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాములు, రెండు నుండి ఆరు నెలల లోపు వారికి అందులో సగము. విరేచనాలు ఆగిపోయినా పద్నాలుగు రోజులు పూర్తి చేయించండి.

మన పెద్దలకు దీనిలో కొంత ముందే తెలుసునని చెప్పాలి. ఉప్పు వేసిన గంజి మంచి మందు. గంజిలోని పిండి మెల్లగా గ్లూకోజుగా మారుతుంది, ఉప్పు ఉండనే ఉన్నది, అదే ద్వారము తెరుచుకొంటుంది. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, తెలంగాణ పల్లెల్లో త్రాగే ఉప్పు అంబలి కూడా ఈ కోవలోనివే. కొబ్బరినీళ్ళలో పొటాషియము ఎక్కువ, సోడియము తక్కువ. మంచివే గాని వాటి మీదనే ఆధారపడవద్దు.

గుర్తు పెట్టుకోవలసిన హెచ్చరికలున్నాయి. బిడ్డ మగతగా పడి ఉండి లేపినా సరిగా లేవకపోయినా, త్రాగలేకపోయినా, మలములో నెత్తురు కనబడినా, ఆరేడు గంటలుగా మూత్రము పోయకపోయినా, ఏడ్చినా కన్నీరు రాకపోయినా ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసుకొని వెళ్ళండి. దారి పొడుగునా చెంచాతో పట్టుతూనే ఉండండి. కాని స్పృహ లేనివారి నోట ఏమీ పోయరాదు. అటువంటి స్థితిలో సెలైను ప్రాణము నిలుపుతుంది, అది వద్దని నేను చెప్పడము లేదు.

నేను చెప్పేది అవసరము లేని సీసా గురించి. నీరసముగా ఉన్నది, ఒక గ్లూకోజు బాటిలు ఎక్కించండి అని మన ఊళ్ళలో అడిగి మరీ ఎక్కించుకొంటారు. ఆ అరలీటరు గ్లూకోజు సీసాలో ఉన్నది 25 గ్రాముల గ్లూకోజు. అయిదు చెంచాల చక్కెర. రెండు ఇడ్లీలు తిన్నంత బలము కూడా రాదేమో. ఉప్పు సెలైను అరలీటరులో ఉన్నది నాలుగున్నర గ్రాముల ఉప్పు, చెంచాడు కూడా లేదు. దానికి కూలి రోజుల డబ్బు పోస్తున్నాము. గుండె జబ్బు, రక్తపోటు ఉన్న పెద్దవారికి గబగబా ఎక్కిస్తే కాలువ పొంగి ఊపిరితిత్తులలోకి నీరు చేరి ప్రమాదము తెస్తుంది. మూడు రోజుల జ్వరము తరువాత కాళ్ళు వణుకుతున్న కూలిమనిషికి కావలసినది ఆ పూట గంజి, పప్పన్నము, రెండు రోజుల విశ్రాంతి. రెండవది దొరకకనే సీసా వైపు చూస్తారని నాకు తెలుసు.

ఎండ సంగతి. ఎండలో నాట్లు వేసేవారికి, ఉపాధి పనిలో మట్టి మోసేవారికి గంటకు ఒక లీటరు, ఒక్కొక్కసారి ఇంకా ఎక్కువ చెమట పోవచ్చును. ఒక లీటరు చెమట ఆరితే ఒంటి నుండి సుమారు 580 కేలరీల వేడి పోతుంది, గనుక చెమట పట్టడము మేలే. కాని నీటితోపాటు ఉప్పు కూడా పోతుంది. ఉత్త నీళ్ళే త్రాగుతూ రోజంతా పనిచేస్తే పిక్కలు పట్టుకొంటాయి, తల తిరుగుతుంది. అందుకే మజ్జిగలో ఉప్పు. 2015 మే నెల వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో కలిపి వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఎండలో పనిచేస్తూ మనిషి తడబడి మాట్లాడినా, ఒళ్ళు కాలిపోతూ ఉన్నా అది వడదెబ్బ అనుకోండి. నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒళ్ళంతా నీళ్ళతో తడిపి విసురుతూ ఆసుపత్రికి చేర్చాలి. ఎండాకాలపు సభలు, పందిళ్ళ క్రింద పిల్లల వేసవి పాఠశాలలు జరిపేవారు రెండు కుండల మంచినీళ్ళతోపాటు ఒక కుండ ఉప్పు మజ్జిగ పెట్టించండి.

ఈ మాటలన్నీ అందరికీ ఒకే తీరున వర్తించవు. మూత్రపిండములు దెబ్బతిన్నవారికి, గుండె నీరసించినవారికి నీరు, ఉప్పు రెండూ కొలత ప్రకారము ఇస్తారు. ఉద్దానము ప్రాంతములో డయాలసిస్ చేయించుకొంటున్న మన సహోదరులకు ఇది బాగా తెలుసు. వారికి కొబ్బరినీళ్ళలోని పొటాషియము సైతము ప్రమాదమే. అటువంటివారు వారి డాక్టరుగారి కొలతే పాటించాలి. అలాగే రోజుకు ఆరేడు లీటర్లు త్రాగితే ఒళ్ళు శుభ్రమవుతుందని చెప్పేవారి మాట వినవద్దు. మూత్రపిండములు గంటకు లీటరుకు మించి బయటకు పంపలేవు. ఆరు నెలల లోపు బిడ్డకు విరేచనాలు లేనప్పుడు ఎండాకాలములో కూడా తల్లిపాలు తప్ప నీరు అవసరము లేదు, ఆ పాలలో నూటికి 88 వంతులు నీరే.

ఒక్క మాట దుకాణములలో అమ్మే డబ్బాల గురించి. ఓ.ఆర్.ఎస్. అని పెద్ద అక్షరములతో పేరు పెట్టి, లోపల పొట్లములో ఉన్నదానికి ఎన్నో రెట్లు చక్కెర కలిపిన తీపి పానీయములు చాలాకాలము మందుల దుకాణములలోనే అమ్మారు. చక్కెర అంత చిక్కగా ఉంటే నీటిని లోపలికి పంపడానికి బదులు, ఉప్పు మామిడి ముక్కను లాగినట్లు, ఒంటిలోని నీటినే ప్రేగులోకి లాగుతుంది, విరేచనాలు ఎక్కువవుతాయి. హైదరాబాదుకు చెందిన పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు దీని మీద సంవత్సరముల తరబడి పట్టు విడువక పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరును అటువంటి పానీయముల మీద వాడరాదని ఆజ్ఞ ఇచ్చింది. అయినా కొనేటప్పుడు పొట్లము మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ పాళ్ళ ప్రకారము అని ఉన్నదో లేదో చదివించి తీసుకోండి.

ఇదే కారణము చేత లీటరు పొట్లమును గ్లాసు నీటిలో కలపరాదు. సగము పొట్లము ఇప్పుడు, సగము రేపు అని కూడా చేయవద్దు, పొడి రెండు సగాల్లో సమానముగా పడదు. మొత్తము పొడిని ఒకేసారి లీటరు నీటిలో పోసి, మూతపెట్టి, ఇరవై నాలుగు గంటల లోపల వాడి, మిగిలినది పారబోసి కొత్తది కలుపుకోండి. ఇంట్లో లీటరు కొలత లేకపోతే కడిగిన లీటరు నీళ్ళ సీసాను ఇందుకోసమే ప్రక్కన పెట్టుకోండి.